గోడకు నెమ్ము చేస్తే

మెట్లు సగం దిగేసరికే ఆమెకు వాసన తెలిసింది. ఆగి, వెనకాల పెట్టె మోసుకొస్తున్న భర్త వైపు తిరిగి, "ఇది పాతర వాసన గదా" అన్నది. ఆయన ఒక్కసారి గట్టిగా గాలి పీల్చి తలూపాడు. యాభై ఏండ్ల తర్వాత, సముద్రాలు దాటి వచ్చాక, ఆ వాసన మళ్ళీ ముక్కుకు తగిలింది. బిడ్డ మాత్రం పైనుంచి కేకేసింది: "బాపూ, గదిల మంచం ఏసిన. ఎండకాలం గూడ కింద చల్లగ ఉంటది."

అది అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, ఎడిసన్ పట్టణం. జూన్ నెల మొదటి వారం. దిగుతున్నది బేస్‌మెంట్‌లోకి, అంటే ఇంటి కింద భూమిలోకి తవ్వి కట్టిన అంతస్తులోకి. వచ్చినవాళ్ళు ఆదిలాబాద్ జిల్లా బోథ్ నుంచి. బడిలో పిల్లలకు ముప్పై ఏండ్లు చదువు చెప్పి రిటైరైన ఆయన్ను ఊరంతా సారు అనే పిలుస్తుంది. ఈ వ్యాసంలోనూ ఆయన సారే.

బోథ్ నుంచి బయలుదేరేటప్పుడు వాళ్ళ చూపంతా వానల మీదే ఉంది. బోథ్ ఎక్స్ రోడ్డు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, నేరడిగొండ దాటి, మహబూబ్ ఘాట్ మలుపులు దిగి, నిర్మల్, ఆ తర్వాత సోన్ వంతెన మీద గోదావరి, ఆర్మూర్ రాళ్ళగుట్టలు, కామారెడ్డి, హైదరాబాద్. దారి పొడుగునా ఆమె ఇంటి గురించే మాట్లాడింది. టేకు స్తంభాల మీద నిలబడ్డ మట్టి గోడల ఇల్లు, పైన గూనపెంకలు. మృగశిర కార్తె రాకముందే పెంకలు సదరకపోతే వెనకింటి గోడ నానుతుంది. కడెం వాగు మీద కుంటాల, బోథ్ పక్కనే పొచ్చెర, రెండు జలపాతాలు ఉన్న ప్రాంతం అది. చూడడానికి వచ్చినవాళ్ళకు అది అందం. అక్కడ ఇల్లున్నవాళ్ళకు నాలుగు నెలల నెమ్ము. 2022 జులైలో ఆ కడెం వాగే కింద ప్రాజెక్టు గేట్ల మీది నుంచి పొర్లి, దిగువ ఊళ్ళను ఖాళీ చేయించింది.

నెమ్ము అన్న మాటను ఒకసారి పట్టించుకోవాలి. గోడ తడి పీల్చితే నెమ్ము ఎక్కింది అంటారు. పసిపిల్ల ఛాతీలో గురగుర వినిపిస్తే నెమ్ము చేసింది అంటారు. గోడకూ ఛాతీకీ తెలుగువాళ్ళు ఒకే మాట పెట్టుకున్నారు. ఎడిసన్‌లో ఆ రెండూ ఒకే ఇంట్లో ఎదురయ్యాయి. నాలుగేండ్ల మనవడికి చలికాలం నుంచి దగ్గు తగ్గలేదు. వాడు ఆడుకునే చోటు బేస్‌మెంటే.

మెట్ల మీద ఆమె అన్న పాతర సంగతి ఈ తరానికి చెప్పాలి. జొన్న ప్రధానమైన రోజుల్లో, బస్తాలూ గోదాములూ అందుబాటులో లేనప్పుడు, ఏడాది గింజను భూమిలో దాచేవాళ్ళు. నల్లరేగడిలో కాదు, నీరు నిలవని ఎత్తైన మొరం గడ్డ చూసి, అక్కడ నిలువులోతు గొయ్యి తవ్వేవాళ్ళు. లోపల గడ్డి తగలబెట్టి గోడలను కాల్చి ఎండబెట్టేవాళ్ళు. అడుగున బూడిద, చుట్టూ గడ్డి తాళ్ళో చొప్పో ఆనించి, అప్పుడు జొన్నలు పోసి, పైన మళ్ళీ గడ్డి, దాని మీద మట్టి కుప్ప. వాన నీళ్ళు ఆ కుప్ప మీద పడి నాలుగు వైపులకూ జారిపోవాలి, ఒక్క చుక్క కూడా లోపలికి దిగకూడదు. తెరిచిన రోజు ఎవరూ వెంటనే దిగరు. తాడుకు దీపం కట్టి ముందు లోపలికి వదులుతారు. దీపం ఆరిపోతే ఆగుతారు. గింజా, దానికి పట్టిన బూజూ కలిసి లోపలి ప్రాణవాయువును వాడేసుకుని బొగ్గుపులుసు గాలిని నింపి ఉంచుతాయి. దిగిన మనిషి ప్రాణం పోతుంది. ఇవన్నీ జాగ్రత్తగా చేసినా గోడకు ఆనుకున్న గింజ కొంత ముక్కిపోయేది. నల్లగానో పచ్చగానో బూజు కట్టి ఉండలు ఉండలుగా వచ్చేది. సారు చిన్నప్పుడు వాళ్ళ నాయన పాతర తీసినప్పుడు ముందుగా బయటికి వచ్చింది ఆ వాసనే.

బూజు పట్టిన జొన్న ఏం చేస్తుందో తెలంగాణకు బాగానే తెలుసు. 1964లో వచ్చిన సీఎస్‌హెచ్-1 మొదలుకొని హైబ్రిడ్ జొన్నలు త్వరగా కోతకొచ్చేవి. పాత రకాలేమో వానలు వెనుకబట్టాక పండేవి. ముందుగా పండిన కంకి వానలో తడిసి నల్లబడేది. 1995లో కోతల వేళ అకాల వానలు పడి, బూజు పట్టిన జొన్నలు, మక్కలు తిన్న దక్కన్ పల్లెల్లో జనం కడుపునొప్పితో, విరేచనాలతో పడకేశారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ గింజల్లో ఫ్యుమోనిసిన్ అనే బూజు విషాన్ని గుర్తించారు. తినే గింజలో బూజు ఎంత చెడ్డదో మనకు అనుభవమే. పీల్చే గాలిలో బూజు సంగతిని మాత్రం అంత పట్టించుకోము. బోథ్‌లో కిటికీలు లేని ఇళ్ళకు కూడా పెంకల సందులున్నాయి. గాలి తనకు తానే తిరుగుతుంది.

ఎడిసన్ ఇంట్లో అలాంటి సందులు లేవు.

ఆ పట్టణం కథ చిన్నది. మొదట దాని పేరు రారిటన్ టౌన్‌షిప్. అక్కడి మెన్లో పార్క్‌లో థామస్ ఎడిసన్ 1876లో ప్రయోగశాల పెట్టి, 1879లో విద్యుద్దీపం వెలిగించాడు. 1954లో పట్టణం ఆయన పేరు పెట్టుకుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చుట్టుపక్కల పొలాల్లో వరసలు వరసలుగా చిన్న ఇళ్ళు లేచాయి. ఇప్పుడు ఓక్ ట్రీ రోడ్డు మీద నడిస్తే చీరల దుకాణాలు, మిఠాయి కొట్లు, తెలుగు మాటలు. సారు అల్లుడు కొన్న ఇల్లు ఆ యాభైల నాటిదే. రారిటన్ నది పక్క నుంచే పారి, కొద్ది మైళ్ళ దిగువన పెర్త్ ఆంబాయ్ దగ్గర సముద్రపు అఖాతంలో కలుస్తుంది. సముద్రపు గాలి ఎండాకాలమంతా ఆ వాడల మీదే ఉంటుంది.

అక్కడి ఇళ్ళకు భూమిలో గది ఎందుకు? సారు మొదటి రోజే అల్లుణ్ణి అడిగిన ప్రశ్న ఇది. చలికాలంలో నేల గడ్డకడుతుంది. గడ్డకట్టిన నేల ఉబ్బి పునాదిని ఎత్తేస్తుంది. కాబట్టి పునాదిని ఆ గడ్డ కిందికి దించాలి. న్యూజెర్సీలో అది మూడడుగుల దాకా ఉంటుంది. ఎలాగూ అంత తవ్వుతున్నప్పుడు ఇంకొంచెం తవ్వితే ఒక అంతస్తు వస్తుంది. బొగ్గు, ఆ తర్వాత నూనెతో మండే కొలిమి, నీళ్ళు కాచే తొట్టి, అక్కరకు రాని సామాను అందులో పెట్టుకున్నారు. అంటే అది మనుషులు పడుకోవడానికి కట్టింది కాదు. పడకగదిగా మార్చడం తర్వాతి తరాలు చేసిన పని. సిమెంటు దిమ్మెల గోడ ముందు చెక్క చట్రం నిలబెట్టి, దానికి జిప్సం పలకలు బిగించి, రంగు వేసి, కింద కార్పెట్ పరిచేశారు. ఆ పలకకు రెండు వైపులా ఉండేది కాగితం. కాగితం, చెక్క, కార్పెట్‌లో చేరిన దుమ్ము, ఈ మూడూ బూజుకు మేతే. దానికి ఇక కావలసింది తడి ఒక్కటే.

మరునాడు పొద్దున సారు తనకు తెలిసిన వైద్యం మొదలుపెట్టాడు. బేస్‌మెంట్‌కు పైభాగాన, నేలకు సమానంగా ఉన్న రెండు చిన్న కిటికీలనూ బార్లా తెరిచాడు. గాలి ఆడితే నెమ్ము పోతుంది, ఊళ్ళో అందరూ చేసేదదే. మూడు రోజులు అలాగే ఉంచాడు. నాలుగో రోజు వాసన ఎక్కువైంది. కొలిమి పక్కనున్న చన్నీళ్ళ పైపు మీద చెమటలా నీటిబొట్లు. కార్పెట్ మీద కాలు పెడితే జిగట.

"కిటికీలు తెరువకుండ్రి మామా, తేమ లోపటికే వస్తది" అన్నాడు సాయంత్రం ఇంటికొచ్చిన అల్లుడు. మంచిర్యాల పిల్లవాడు, ఇంజనీరు. అరచేతంత గడియారం లాంటి హైగ్రోమీటరు తెచ్చి గోడ దగ్గర పెట్టాడు. గాలిలో తేమ ఎంత శాతమో చూపే పరికరం అది. 78 చూపింది.

ఇందులో మాయ లేదు. కుండలోని చల్లటి నీళ్ళు పోసిన చెంబు బయట చెమర్చడం మనం ఎన్నోసార్లు చూశాం. వేడి గాలి ఎక్కువ నీటిని మోయగలదు, చల్లబడితే మోయలేక వదిలేస్తుంది. సముద్రం దాపున, ఎండాకాలం మధ్యాహ్నం 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలి దాదాపు 24 డిగ్రీలకు చల్లబడగానే నీటిబొట్లు విడుస్తుంది. భూమిలో ఉన్న బేస్‌మెంట్ గోడ అంతకన్నా చల్లన. తెరిచిన కిటికీ లోంచి వచ్చిన ప్రతి గాలితెర ఆ గోడకు నీళ్ళు తెచ్చిచ్చింది. బోథ్‌లో ఇంటి లోపల, బయట వేడి ఒకటే కాబట్టి కిటికీ మేలు చేస్తుంది. ఇక్కడ లోపల చల్లన కాబట్టి అదే కిటికీ కీడు చేసింది. సారు ఆ రాత్రి తానే వెళ్ళి రెండు కిటికీలూ మూసి గడియ పెట్టాడు.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇంటి లోపలి తేమ 60 శాతం దాటకూడదనీ, 30 నుంచి 50 మధ్య ఉంటే మేలనీ చెబుతుంది. తడిసినదేదైనా 24 నుంచి 48 గంటల్లో ఆరితే చాలా సందర్భాల్లో బూజు పట్టదని కూడా ఆ సంస్థే అంటుంది. రెండు రోజులే గడువు. ఎడిసన్ ఇంట్లో తడి ఎన్నేళ్ళ నుంచి ఉందో ఎవరూ చూడలేదు.

ఆదివారం అల్లుడు, సారు కలిసి మంచం జరిపి, మూలన జిప్సం పలకను అడుగు ఎత్తు కోసి చూశారు. పలక వెనక వైపు కాగితం మీద నల్లటి మచ్చలు, గుండ్రంగా, ఒకదాని మీదొకటి. చెక్క చట్రం అడుగు మెత్తబడింది. దాని వెనక సిమెంటు దిమ్మెల మీద తెల్లటి పొడి. సారు దాన్ని వేలితో రాసి చూశాడు. "ఇది చౌడు" అన్నాడు. బోథ్‌లో పాత గోడల అడుగున పూసేది ఇదే. నేలలోని తడి గోడలోకి ఎగబాకి, నీరు ఆవిరై, అందులోని ఉప్పు గోడ ముఖాన మిగిలిపోతుంది. ఎడిసన్‌లోనైనా ఆదిలాబాద్‌లోనైనా అది నీళ్ళు నడిచిన ఆనవాలే.

ఆ ఆనవాలు పట్టుకుని వాళ్ళు బయటికి వెళ్ళి చూశారు. ఇంటి కప్పు నీళ్ళను పట్టే గట్టర్లు ఎండుటాకులతో నిండి పొర్లుతున్నాయి. నిలువు గొట్టం సరిగ్గా పునాది పక్కనే, ఆ తడిసిన మూలనే ముగిసింది. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన కురిస్తే దాదాపు 2,360 లీటర్ల నీళ్ళు. వాన పడ్డప్పుడల్లా అందులో పెద్ద వాటా గోడ మొదట్లో కుమ్మరిస్తున్నారన్న మాట. పైగా ఏండ్ల తరబడి పూలమొక్కలకు మట్టి పోసీ పోసీ నేల ఇంటి వైపే వాలింది. కట్టడపు నిబంధనల ప్రకారం పునాది నుంచి మొదటి పది అడుగుల్లో నేల ఆరంగుళాలు బయటికి వాలాలి. సారుకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. పాతర మీది మట్టికుప్ప ఆయన చూసినదే.

అంతకు ముందు వారమే బూజు శుభ్రం చేసే ఒక కంపెనీ మనిషి వచ్చి, చిన్న పెట్టెతో గాలి నమూనా తీసుకుని, భయపడే పేర్లు నాలుగు చదివి, పెద్ద మొత్తం చెప్పి వెళ్ళాడు. కంటికి కనిపించే బూజు ఉన్నప్పుడు నమూనాల పరీక్ష సాధారణంగా అవసరం లేదనేది పర్యావరణ సంస్థ మాట. గాలిలో ఇంత బూజు ఉండొచ్చు అని అమెరికా కేంద్ర ప్రభుత్వం పెట్టిన హద్దు ఏదీ లేదు కూడా. హడ్సన్ నదికి అవతల న్యూయార్క్ రాష్ట్రంలో 2016 నుంచి ఒక మంచి చట్టం అమలులో ఉంది. ఒకే పనికి బూజును పరీక్షించేవాడూ శుభ్రం చేసేవాడూ ఒకడే కాకూడదు. జబ్బు ఉందని చెప్పేవాడే మందు అమ్మితే ఏమవుతుందో తెలిసి చేసిన చట్టమది. ప్రతి రాష్ట్రానికీ అది అవసరం.

నల్ల బూజు అనగానే అమెరికాలో వణికిపోతారు. దానికీ ఒక చరిత్ర ఉంది. 1993, 94 సంవత్సరాల్లో క్లీవ్‌లాండ్ నగరంలో కొందరు పసిపిల్లల ఊపిరితిత్తుల్లో రక్తస్రావమైంది. స్టాకిబాట్రిస్ అనే నల్ల బూజే కారణమన్న మాట దేశమంతా పాకింది. తర్వాత 2000లో అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం ఆ సంబంధం రుజువు కాలేదని తేల్చింది. అయితే అంతమాత్రాన నెమ్ము ఇల్లు మంచిదైపోదు. 2004లో అమెరికా వైద్య విజ్ఞాన సంస్థ, 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనాలన్నీ కూర్చి చూసి, తడి, బూజు ఉన్న ఇళ్ళలో దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం బాధలు ఎక్కువని స్పష్టంగానే చెప్పాయి. రంగు నలుపా పచ్చనా అన్నది ముఖ్యం కాదు. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ బాబు బూజు పట్టిన అద్దె ఇంట్లో ఉండి ఊపిరి ఆడక చనిపోయాడు. అక్కడి ఇళ్ళ చట్టంలో ఇప్పుడు ఆ బాబు పేరుతో నిబంధన ఉంది. ఆ సంగతి చదివిన రాత్రి అమ్మమ్మ మనవడి బొమ్మలన్నీ బుట్టకెత్తి పైఅంతస్తుకు చేర్చింది. మంచం కూడా పైకే వచ్చింది, హాల్లోకి.

జులైలో ఒక శనివారం అందరూ కలిసి సముద్రం చూడడానికి వెళ్ళారు. రారిటన్ అఖాతం ఒడ్డున కీన్స్‌బర్గ్, యూనియన్ బీచ్ అనే చిన్న ఊళ్ళు. సారుకు వింతగా అనిపించింది ఇళ్ళ ఎత్తు. కొన్ని ఇళ్ళు మంచెల్లా పొడవాటి స్తంభాల మీద ఉన్నాయి, కింద ఖాళీ. పక్కనే పాత ఇళ్ళు నేలకు ఆనుకుని ఉన్నాయి. 2012 అక్టోబరు 29 రాత్రి శాండీ తుఫాను న్యూజెర్సీ తీరం దాటినప్పుడు సముద్రం ఈ వీధుల్లోకి వచ్చింది. రాష్ట్రంలో 3.4 లక్షలకు పైగా ఇళ్ళు దెబ్బతిన్నాయి. నీళ్ళు తీసినా, కరెంటు రోజుల తరబడి రాక ఇళ్ళు ఆరలేదు. నలభై ఎనిమిది గంటల గడువుకు ఎన్నో రెట్ల కాలం గడిచింది. గోడల్లో బూజు ఎగబాకింది. పైగా అవి సముద్రపు నీళ్ళు. ఆరినట్టు కనిపించిన గోడలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను మళ్ళీ మళ్ళీ లాగుతుంది. పచ్చడి జాడీ పక్కన పెట్టిన రాళ్ళుప్పు వానాకాలంలో ఎలా నీరుకారుతుందో అలా. తీరప్రాంతపు పాత ఇంట్లో నెమ్ము అంత త్వరగా వదలకపోవడానికి ఇదొక కారణం.

తిరుగు దారిలో సేర్‌విల్ పక్క నుంచి వస్తుంటే అల్లుడు కారు ఆపి చూపించాడు. వీధి ఉంది, ఇళ్ళు లేవు. పచ్చగడ్డి పెరిగిన ఖాళీ స్థలాలు. మళ్ళీ మళ్ళీ మునిగే ఇళ్ళను బ్లూ ఏకర్స్ పథకం కింద ప్రభుత్వమే కొని, కూల్చి, నేలను నదికి వదిలేసింది. 1995లో మొదలైన ఈ పథకం శాండీ తర్వాత ఇక్కడ పెద్ద ఎత్తున అమలైంది. సారు అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. కడెం దిగువన అలాంటి ఏర్పాటు ఉంటే బాగుండునని ఆయన ఆలోచన. ఈ వ్యాసం రాసేవాళ్ళ ఆలోచన కూడా అదే. ముంపు ఊళ్ళో ఇల్లున్నవాడికి ఏటా బియ్యం, దుప్పట్లు ఇచ్చే బదులు ఒకసారి మంచి ధర ఇచ్చి ఎత్తు మీద చోటు చూపడం న్యాయం.

వేంకటేశ్వరుడి గుడి ఉన్న బ్రిడ్జ్‌వాటర్‌కు వెళ్ళినప్పుడు ఇంకో ఊరి పేరు వినిపించింది, మాన్‌విల్. గుడికి దగ్గర్లోనే, రారిటన్ నది ఒడ్డున ఉంటుంది. 1999లో ఫ్లాయిడ్, 2011లో ఐరీన్, 2021లో ఐడా, మూడు తుఫానులకూ మునిగింది. ఐడా వచ్చిన 2021 సెప్టెంబరు 1 రాత్రి న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఒక్క గంటలో 80 మిల్లీమీటర్ల వాన కురిసింది. న్యూజెర్సీలో దాదాపు 30 మంది చనిపోయారు. న్యూయార్క్ నగరంలో పోయిన 13 మందిలో 11 మంది బేస్‌మెంట్లలో ఉన్నవాళ్ళే. నీళ్ళు మెట్ల మీంచి లోపలికి దూకితే తలుపు తెరుచుకోదు. పడకగదిగా వాడే బేస్‌మెంట్‌కు మనిషి దూరి బయటపడగలిగే కిటికీ ఉండాలని నిబంధనలు చెబుతాయి. తక్కువ అద్దెకు దొరికే గదుల్లో చాలావాటికి అది ఉండదు.

ఆ తక్కువ అద్దె గదుల్లో ఉండేవాళ్ళెవరో తెలుగువాళ్ళకు వేరే చెప్పాలా. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ నుంచి అప్పులు చేసి చదువుకోడానికి వచ్చిన పిల్లలు, నలుగురైదుగురు కలిసి ఒక బేస్‌మెంట్ తీసుకుంటారు. అన్నం వండిన ఆవిరి, స్నానాల తడి, లోపలే ఆరేసిన బట్టలు, అన్నీ ఆ కిటికీ లేని గదిలోనే. దగ్గు వస్తే చలి దగ్గనుకుంటారు. అల్లుడు కూడా మొదటి రెండేళ్ళూ అలాగే ఉన్నాడట. ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పలేదు. ఆ మాట విన్నప్పుడు అత్తగారు ఏమీ అనలేదు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పని ఆగస్టంతా నడిచింది. ముందు బయట, తర్వాత లోపల. ఈ వరస తప్పితే ఖర్చు వృథా. గట్టర్లు శుభ్రం చేశారు. నిలువు గొట్టాలకు పొడుగు తొడిగి నీళ్ళను పునాదికి ఆరడుగులకు పైగా దూరం పంపారు. మట్టి తెచ్చి ఇంటి చుట్టూ వాలు సరిచేశారు. పార పట్టింది ఎక్కువగా సారే, బిడ్డ వద్దంటున్నా వినలేదు. లోపల మూలన సంప్ పంప్ గొయ్యి ఉంది, నేల కింద చేరే నీటిని బయటికి తోడే మోటారు. అది రెండేళ్ళుగా పనిచేయడం లేదని అప్పుడే తెలిసింది. కొత్తది పెట్టి, తుఫానుకు కరెంటు పోయినా నడిచేలా బ్యాటరీ తగిలించారు.

ఆ తర్వాతే బూజు మీదికి వెళ్ళారు. పది చదరపు అడుగుల లోపు, అంటే మూడడుగులకు మూడడుగుల మేర అయితే ఇంటివాళ్ళే శుభ్రం చేసుకోవచ్చని పర్యావరణ సంస్థ సూచన. ఇక్కడ ఒక మూలే చెడింది కాబట్టి సరిపోయింది. ఎన్-95 మాస్కు, చేతి తొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకుని, చెడిన పలకలు కోసి, మందమైన సంచుల్లో కట్టి, మెట్ల మీదుగా కాకుండా కిటికీలోంచి బయటికి అందించారు. కార్పెట్ మొత్తం తీసి పారేశారు, దాన్ని కడిగి లాభం లేదు. చెక్కను, దిమ్మెల గోడను సబ్బునీళ్ళతో రుద్ది కడిగి, ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టారు. బ్లీచింగ్ పోస్తే చాలనుకుంటారు చాలామంది. పర్యావరణ సంస్థ దాన్ని మామూలు పద్ధతిగా సిఫారసు చేయదు. చచ్చిన బూజు కూడా ఎలర్జీ తెస్తుంది, అందుకే దాన్ని చంపడం కాదు, తీసేయాలి. బూజు మీదే రంగు వేయడం అంతకన్నా తప్పు. రంగు పొరలై లేచిపోతుంది.

డీహ్యూమిడిఫైయర్ రోజంతా నడిచింది. గాలిలోని తేమను నీళ్ళుగా పిండి బకెట్‌లోకి వదిలే యంత్రం అది. మొదటి రోజుల్లో బకెట్ పొద్దున, సాయంత్రం నిండేది. సారు దాన్ని మోసుకెళ్ళి పెరట్లోని టమాట మొక్కలకు దూరంగా, వాలుకు అవతల పోసేవాడు. సెప్టెంబరులో హైగ్రోమీటరు 48 చూపింది. కొత్త పలకలు బిగించలేదు. గోడ గోడలాగే కనబడనివ్వండి, నీళ్ళు మళ్ళీ వస్తే కంటికి తెలుస్తుంది అని సారు పట్టుబట్టాడు. అల్లుడు ఒప్పుకున్నాడు.

బీమా సంగతి కూడా అప్పుడే బయటపడింది. అక్కడి మామూలు ఇంటి బీమా వరద నష్టాన్ని ఇవ్వదు. విడిగా తీసుకునే ప్రభుత్వ వరద బీమా కూడా బేస్‌మెంట్‌లో కొలిమి, నీళ్ళ తొట్టి వంటి వాటికే ఇస్తుంది. రంగు వేసిన గోడలకూ కార్పెట్‌కూ సోఫాకూ ఇవ్వదు. ఆ బీమా కూడా బేస్‌మెంట్‌ను కాపురం ఉండే చోటుగా లెక్కపెట్టలేదన్న మాట.

అక్టోబరు చివర సారు దంపతులు బోథ్ చేరారు. వానలు వెళ్ళిపోయాయి, పత్తి ఏరుతున్నారు. తాళం తీయగానే వెనకింట్లో అదే వాసన. నాలుగేండ్ల కింద మట్టి గోడ రాలుతోందని ఒక మేస్త్రీ చేత అడుగు నుంచి మూడడుగుల ఎత్తు సిమెంటు పూయించారు. మట్టి గోడ తడి పీల్చినా ఎండలో గాలికి వదిలేస్తుంది. సిమెంటు పూత ఆ దారి మూసేసింది. తడి పైకి ఎక్కి, సిమెంటు దాటి, సున్నం వేసిన చోట మచ్చలై తేలింది. సారు మరునాడే సిమెంటు చెక్కించి, మట్టి మెత్తి, పైన సున్నం వేయించాడు. సున్నం క్షారం, దాని మీద బూజు సులువుగా బతకలేదు. గాలినీ ఆపదు. చూరు నీళ్ళు గోడ మొదట్లో పడకుండా బయటికి వాలుగా మొరం పోయించాడు.

బిడ్డల దగ్గరికి అమెరికా వెళ్ళే తల్లిదండ్రులకూ, అక్కడ చదువుతున్న పిల్లలకూ సారు తరఫున ఒక విన్నపం. బేస్‌మెంట్‌లో మంచం వేస్తే, పడుకునే ముందు గోడ మూల వాసన చూడండి. తేమ కొలిచే చిన్న పరికరం ఖరీదైనదేమీ కాదు, ఒకటి కొని పెట్టండి. అది 60 దాటి చూపుతుంటే, బయటపడే కిటికీ లేకపోతే, మొహమాటపడకుండా మంచం పైకి మార్చమని అడగండి. విద్యార్థులు అద్దె తక్కువని సరిపెట్టుకోకుండా ఇంటి యజమానికి రాతపూర్వకంగా చెప్పండి, ఫొటోలు తీసి దాచుకోండి. ఎడిసన్‌లో మనవడికి దగ్గు తగ్గింది, కానీ వాడి బొమ్మల బుట్ట ఇంకా పైఅంతస్తులోనే ఉంది.